గొంతులో బుద్ధుడు

మొగుడు షిగెజో పోయాడన్న ఏడుపు కంటే, అతని ఎముక తన చేత్తో ఎత్తగలనా అన్న దిగులే కినుయోను ఎక్కువగా తినేసింది. దహనమయ్యాక అయినవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, ఒక్కో ఎముకనూ ఇద్దరేసి చాప్‌స్టిక్ పుల్లలతో పట్టి కుండలో పెట్టాలి. చివరిది మెడ ఎముక. బుద్ధుడు కూర్చున్నట్టుంటుందని ‘గొంతులో బుద్ధుడు’ అంటారు దాన్ని. ఆ వంతు భార్యది.

కినుయోకు ముప్పై ఒక్క ఏళ్ళుగా డయాలసిస్. యంత్రం నెత్తురు కడిగింది గాని, ఒక మడ్డిని మాత్రం పూర్తిగా వదిలించలేకపోయింది. అది ఏళ్ళ తరబడి కీళ్ళలో పేరుకుంది. భుజాలు లేవవు. నరం వదులు చేయడానికి డాక్టర్లు మణికట్టు రెండుసార్లు కోశారు. అయినా బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ మొద్దుబారాయి. ప్రాణం నిలిపిన వైద్యమే ఎముకలు కొరుక్కుతింటే ఎవరితో తగువు పెట్టుకుంటాం?

ఎనిమిదేళ్ళ కిందట ఆమె పుల్లలు వదిలి చెంచా పట్టింది. మర్నాటి నుంచి షిగెజో కూడా చెంచాతోనే తిన్నాడు.

"నూడిల్సు చెంచాతో తినే మగాణ్ణి నిన్నే చూశాను" అని ఆమె ఎగతాళి చేసేది.

"గిన్నెలు కడిగేది నేనేగా, నా ఇష్టం" అనేవాడు.

అతని చెంచాను శవపేటికలో పెట్టబోతే దహనశాల మనిషి వంగి, రెండు చేతులతో తిరిగిచ్చాడు. "లోహం పెట్టకూడదండీ, క్షమించండి." ఆమె దాన్ని సంచిలో వేసుకుంది.

డయాలసిస్ లేని రోజు చూసి దహనం పెట్టుకున్నారు. అంతవరకూ ఆమె ఎండు సోయా గింజలు పుల్లలతో ఎత్తుతూ కూర్చుంది. పది గింజల్లో ఏడు వచ్చాయి.

బూడిద ఇంకా వేడిగానే ఉంది. షిగెజో అక్క ఇసోకో, ఎనభై రెండేళ్ళ మనిషి, ఎదురుగా నిలబడింది.

"నువ్వు ఊరికే ఆనించు. నేనెత్తుతా."

"వద్దు వదినా. నా మొగుడు. నేనూ ఎత్తుతా."

ఎత్తింది. మెడ ఎముక సగం దూరం వెళ్ళేసరికి ఆమె పుల్లలు జారాయి. ఆ సంగతి వేళ్ళకు తెలియలేదు, చప్పుడు విన్నాకే తెలిసింది. ఎముక పళ్ళెం అంచుకు తగిలి రెండు ముక్కలైంది.

"చెప్తే విన్నావా? తమ్ముడి బుద్ధుణ్ణి..." ఇసోకో నోరు నొక్కుకుంది.

కినుయోకు తల కొట్టేసినట్టయింది. అయినా సంచి తెరిచి చెంచా తీసింది.

"ఎనిమిదేళ్ళు దీంతో తిన్నాడు. దీంతోనే పోనివ్వండి."

"చెంచాతో ఎముకలెత్తడమా? ఎక్కడైనా ఉందా?"

"మా ఇంట్లో ఉంది వదినా."

ఇసోకో ఆమె వేళ్ళకేసి చాలాసేపు చూసింది. తర్వాత తన పుల్లలు పక్కన పెట్టి, చెంచా కాడ చివర పట్టుకుంది. రెండు ముసలి చేతులూ కలిసి ఆ రెండు ముక్కలనూ కుండలోకి చేర్చాయి.

మూత పెట్టాక ఇసోకో మెల్లగా అంది: "నీ వంతు వచ్చేనాటికి నేనుంటే, నీ బుద్ధుణ్ణి నేనే ఎత్తుతాలే."

కినుయో తన మెడ తడుముకుంది. "నా మెడలో బుద్ధుడు దొరకడు వదినా. డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. ఆ ఎముకలన్నీ పురుగు తిన్నట్టున్నాయి. ఎత్తడానికి మిగిలేది పిండే. చెంచా తెచ్చుకోండి."

ఇసోకో చెంచాను రుమాలుతో తుడిచి, చుట్టి, తన సంచిలో వేసుకుంది.