రెండక్షరాల చిరునామా

మందు చిట్టబ్బాయి కాలేయానికి వెళ్ళలేదు, ఎడమ కాలికి వెళ్ళింది. మూడు వారాల్లో ఆ కాలికి ఇరవయ్యేళ్ళ వయసు వచ్చేసింది. తెల్లారగానే అతన్ని మంచం మీదే వదిలేసి, కాకినాడ బీచికి వాకింగుకి పోతోంది. కాలేయంలో గడ్డ మాత్రం ఉన్నచోటే పెరుగుతోంది.

అతని భార్య మాణిక్యాంబకి ఒళ్ళు మండిపోతోంది. ముప్పయ్యేళ్ళుగా షాపులకి బోర్డులు రాస్తున్న మనిషి ఆవిడ. దీర్ఘం తప్పితే షాపు యజమానితో దెబ్బలాడి మరీ దిద్దుతుంది. ఆవిడ నిచ్చెన ఎక్కితే, కింద మెట్టుని ఎడమ కాలితో తొక్కిపట్టుకునేది చిట్టబ్బాయే.

ఆసుపత్రిలో డాక్టరు తులసీరావు గారు ఓపిగ్గా వివరిస్తున్నారు.

"మొదట్లో కొవ్వు బుడగల్లో మందు పెట్టి పంపేవాళ్ళమమ్మా. పాపం, దారి తెలీక ఒళ్ళంతా తిరిగేవి. తర్వాత బంగారు నలుసులొచ్చాయి. ఇప్పుడు ప్రతి నలుసు మీదా చిరునామా రాస్తున్నాం."

"ఏం రాశారండీ?"

ఆయన మైక్రోస్కోపు ఆవిడ వైపు తిప్పుతారు. నలుసు మీద ‘కాలే’ అని ఉంది.

"మరి ‘యం’ ఏదండీ?"

"చోటు చాల్లేదమ్మా. వాటికే అర్థమైపోతుందనుకున్నాం."

"నా తలకాయ అర్థమవుద్ది! కాలే అని రాస్తే కాలికి కాక ఇంకెక్కడికి పోతాయండీ?"

ఇంకొక్క మోతాదే మిగిలింది. దాని మీదా ఆ రెండక్షరాలే. మాణిక్యాంబకి కోపమూ ఏడుపూ కలిసి వస్తాయి. మనిషి పోతే ఈ డాక్టరు వచ్చి నిచ్చెన పట్టుకుంటాడా?

"నన్ను పంపండి. ఆ సంగతేదో నేను చూసుకుంటాను," అంటుంది.

నర్సు రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటుంది. ఒక్కో అక్షరం రాసేకొద్దీ మాణిక్యాంబ చిన్నదవుతుంది. రంగు డబ్బా, కుంచె, నిచ్చెన పట్టుకుని సూదిలోంచి లోపలికి నడుస్తుంది.

కాలేయం గోడౌనంత ఉంది. గుమ్మం మీద ‘కాలేయం’ అని బోర్డు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. తెలిసి తెలిసి ఆవిడ జన్మలో తప్పు రాయలేదు.

"ఛీ, నా ఖర్మ!" అనుకుంటూ ఊగుతున్న నిచ్చెన ఎక్కి, టర్పెంటైన్ గుడ్డతో ‘యం’ తుడిచేస్తుంది.

వెనకే వచ్చిన నలుసులు బోర్డు చదువుకుని, చెప్పులు విడిచి, వరసగా లోపలికి పోతాయి.

అప్పుడే బీచి నుంచి కాలు వస్తుంది. వేళ్ళ సందుల్లో ఇంకా ఇసక ఉంది.

"ఏమే, నా పేరు ఇక్కడ రాశావేంటి? మరి నేనేం కావాలి?"

"మందంతా మింగి షికార్లు చేసింది చాలు. లోపల మరమ్మతు అయ్యేదాకా దీని పని నువ్వు చెయ్యి," అంటూ మాణిక్యాంబ దిగి, పిక్క మీద పెద్దక్షరాలతో ‘కాలేయం’ అని రాస్తుంది. "ఆరేదాకా కదలకు."

పైన ఎక్కడో చిట్టబ్బాయి ఆకలంటున్నాడు. నెలల తర్వాత మొదటి పెరుగన్నం ముద్ద లోపలికి దిగుతుంది. కాలు గోడకి ఆనుకుని, బుద్ధిగా అరిగించడం మొదలుపెడుతుంది.

మిగిలిన రెండక్షరాలూ బోర్డు మీద ఒక పక్కకి ఉండిపోయాయి. అది చూసి ఊరుకోవడం మాణిక్యాంబ వల్ల కాదు. వాటిని మధ్యకి జరపడానికి విసుక్కుంటూ మళ్ళీ నిచ్చెన ఎక్కుతుంది.

ఈసారి నిచ్చెన ఊగదు. కిందికి చూస్తే, పచ్చి రంగుతో ఆ కాలు, అన్నం అరిగిస్తూనే, కింద మెట్టుని తొక్కిపట్టి ఉంది.