బంతి ఎటు పోయింది

ఆదివారం పొద్దున ఐదున్నరకు మా ఆయన నన్ను లేపేది ఒకే మాటతో. "కన్యకా, నా బూట్లేవి?" బూట్లు ఎప్పుడూ తలుపు వెనకే ఉంటాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ వెతకాలంటే వంగాలి, అడగాలంటే నోరు తెరిస్తే చాలు. మా ఇంట్లో ఎవరి వస్తువు ఎక్కడుందో రాసిపెట్టి ఉండేది నా తలలో. అత్తమ్మ బీపీ మాత్రలు దేవుడి గూట్లో, కుంకుమ డబ్బా వెనక. మా పాప మేఘ కంపాస్ బాక్సు సోఫా సందులో. మా ఆయన కళ్ళద్దాలు ఆయన నెత్తి మీద. నర్సింగ్ కాలేజీ ఆఫీసులో గుమాస్తా పని నాది, అక్కడా ఇంతే. ప్రిన్సిపాల్ గారి నుంచి అటెండర్ దాకా "మేడం, ఆ ఫైలు ఏడుంది" అంటూ నా బల్ల దగ్గరికే వస్తారు. ఫైలు దొరికితే ఎవరూ ఒక మాట అనరు. దొరక్కపోతే నేనే పోగొట్టినట్టు చూస్తారు. మా నాన్నది కవితాళలో చిన్న కిరాణా కొట్టు. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. మూడేళ్ళు చదివి చివరికి నేను నేర్చుకున్న విద్య ఇదేనా అని సిటీ బస్సులో కూచున్నప్పుడల్లా అనిపించేది. దిగాల్సిన చోటు వచ్చేది, దిగిపోయేదాన్ని.

రాయచూరు దాటి లింగసూగూరు రోడ్డులో అరగంట పోతే రాతిగుట్టల మధ్య తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం ఉంది. గోల్ఫ్ అనగానే టీవీలో కనిపించే పచ్చటి తివాచీ అనుకోకండి. వానలు పడితే నాలుగు నెలలు గడ్డి, తక్కిన కాలమంతా ఎర్రమట్టి, తుమ్మకంప, ఏనుగుల్లాంటి బండలు. జెండా పాతిన గుంత చుట్టూ గడ్డికి బదులు నూనె కలిపిన ఇసుక పరిచి ఉంటుంది. మెంబర్షిప్పులు లేవు, ఎవరైనా రావచ్చు. సినిమా టికెట్టు కంటే తక్కువకే ఆట. కర్రలూ బంతులూ అక్కడే కిరాయికిస్తారు. హవాయి చెప్పులతో ఆడేవాళ్ళూ ఉన్నారు. మా ఆయన తిరుమలేశ్‌కు బజారులో హార్డ్‌వేర్ దుకాణం. బ్యాంకు మేనేజర్ మహాంతేశ్ గారు ఒకసారి తీసుకుపోయారు, అంతే, అంటుకుంది. పోయిన దసరా నుంచి నన్ను కూడా తీసుకుపోతున్నాడు. ఆడడానికి కాదు, ఆయన కొట్టిన బంతి ఎటు పోయిందో చూడడానికి. "మా కన్యకవి గద్ద కండ్లు" అని నలుగురిలో చెప్తాడు. పొగడ్తే, కాదనను.

మొదటి రోజు ఒక తప్పు చేశాను. ఆయన బంతి బండ సందులో పడింది. కంపలో చెయ్యి పెట్టి, మోచేతి దాకా గీరుకుపోయినా బయటికి తీసి, కొంగుతో మట్టి తుడిచి, పరుగున తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. బంతి పడిన చోటి నుంచే కొట్టాలని, మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదని నాకేం తెలుసు? కింద పడినవి తీసి, తుడిచి, చేతికివ్వడమే కదా పదిహేనేళ్ళుగా నేను చేస్తున్నది. మహాంతేశ్ గారు కడుపు పట్టుకొని నవ్వారు. ప్రసాదం తెచ్చినట్టు తెచ్చావమ్మా అన్నారు. ఒక దెబ్బ ఎక్కువ లెక్కేశారని మా ఆయన ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉన్నాడు. "డిగ్రీ చదివినవ్, గింత తెల్వదా?" మా ఇంట్లో పప్పు మాడినా ముందు వచ్చేది నా డిగ్రీయే.

గేటు దగ్గర టికెట్లు ఇచ్చేది మారెవ్వ. గుంతల చుట్టూ ఇసుకను చెక్కతో చదును చేసేదీ ఆమే. ఆడేవాళ్ళకు టికెట్టు కావాలి, వెతికేవాళ్ళకు అక్కర్లేదు. "నీకైతే ఫ్రీ" అంటాడు మా ఆయన, అదేదో నా పుట్టింటివాళ్ళు ఇవ్వలేనిది తానిచ్చినట్టు.

ఎండలో నిలబడి చూసి చూసి నాలో ఏదో మొదలైంది. కాళ్ళు ఒకచోట నిలవవు. పప్పుగుత్తి పట్టుకుంటే మణికట్టు తనంతట తాను తిరుగుతుంది. ఆఫీసులో ఉత్తరాలకు నంబర్లు వేస్తూ వేస్తూ ఆగిపోతాను. రెండో గుంత దగ్గర గాలి అడ్డంగా వస్తుంది కదా, ఆయనెందుకు అంత బలంగా కొడతాడు, నేనైతే ఇంకొంచెం కుడికి తిరిగి నిలబడతాను. ఎవరూ అడగని ఈ సలహాలు రోజంతా తలలో గింగిరాలు తిరిగేవి. చెప్పుకుందామంటే నవ్వుతారు. చెప్పకుండా ఉందామంటే ఊపిరాడదు.

మొన్న గురువారం పరీక్షలని కాలేజీ మధ్యాహ్నానికే వదిలారు. ఇంటికి ఫోన్ చెయ్యలేదు. లింగసూగూరు బస్సెక్కాను. నేను ఒంటరిగా దిగడం చూసి మారెవ్వ లేచి నిలబడింది.

"ఏం మర్శిపోయిండమ్మా మీ సారు?"

"ఏం మర్చిపోలే."

"మరి దేనికొచ్చినవ్ గీ ఎండల?"

"ఆడనీకి."

మారెవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "కుచ్చిళ్ళు ఎత్తి దోపుకో మరి" అని టికెట్టు చింపి ఇచ్చింది.

మొదటి పదిసార్లు కర్ర గాలినే కొట్టింది. మట్టి లేచి నోట్లో పడింది. మారెవ్వ షెడ్డు నీడలో కూచొని వక్కాకు నములుతూ చూస్తోంది. ఆమె ఏనాడూ కర్ర పట్టలేదట, పన్నెండేళ్ళుగా పట్టినవాళ్ళను చూస్తోందట. కొట్టకముందే బంతి ఎటు పోతుందో అని తల ఎత్తి చూస్తున్నావు, అది కదిలేదాకా దాన్నే చూడు అంది. దాన్నే చూశాను. కర్ర తగిలినట్టు కూడా తెలియలేదు, చేతికి బరువే అనిపించలేదు. కళ్ళెత్తేసరికి బంతి గుట్ట పైన ఆకాశంలో ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

సాయంత్రం అత్తమ్మ, మొకమంతా ఎర్రగైంది, ఏడ తిరిగినవ్ అని అడిగింది. పరీక్ష పని అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఎందుకు దాచాను? మా ఆయన ఆడి వచ్చి, తిన్నంతసేపూ ఆ ముచ్చటే చెప్తాడు. నేను మాత్రం దొంగలా కాళ్ళ మట్టి బయటే కడుక్కొని లోపలికి వచ్చాను.

అందుకే ఈ ఆదివారం గేటు దగ్గర నాకూ ఒక టికెట్టు ఇమ్మన్నాను. మారెవ్వ గురువారం నన్ను చూడనట్టే మొహం పెట్టి చింపి ఇచ్చింది.

"ఏంది కన్యకా, నీకు ఫ్రీయే గద" అన్నాడు మా ఆయన.

"నేను కూడ ఆడత."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపాడు. "మరి నా బంతి ఎవరు చూస్తరు?"

"ఇరలి బిడ్రీ, ఆడనీయండి" అన్నారు మహాంతేశ్ గారు సగం కన్నడంలో. పెద్దమనిషి ముందు కాదనలేక మా ఆయన తలూపాడు. "ఆడుకో, ఎవరొద్దన్నరు? ఆడుకుంట నాది కూడ చూడు."

ఈ మాట నేను ఇంతకుముందే విన్నాను. ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఇదే గొంతుతో, చేసుకో, ఎవరొద్దన్నరు, ఇంట్ల పని మాత్రం ఆగొద్దు అన్నాడు. మా వాడు మంచోడు గనక పంపుతున్నడు అని అత్తమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంది. ఆ మంచితనానికి తొమ్మిదేళ్ళుగా కాలేజీ ఉన్న రోజుల్లో నేను నాలుగున్నరకు లేస్తున్నాను.

ఆరు గుంతల దాకా రెండు పనులూ చేశాను. ఆయన కొడితే చూడడం, పరుగెత్తి బంతి దగ్గర నిలబడి చెయ్యెత్తడం, మళ్ళీ వెనక్కి పరుగెత్తి నాది కొట్టడం. నాలుగో గుంత దగ్గర అత్తమ్మ ఫోన్, జల్లెడ ఏడ పెట్టినవని. పిండి డబ్బా మీద అని చెప్తూనే, ఫోన్ చెవి దగ్గర ఉండగానే ఆయన బంతి కంపలో పడిన చోటు గుర్తుపెట్టుకున్నాను. తర్వాత నాది కొడితే మూరెడు దూరం దొర్లింది. "చేతుల బలముండాలె, ఆడోళ్ళతోటి కాదు" అన్నాడు మా ఆయన జాలిగానే. బలం కాదు, నాకు ఊపిరి చాలలేదు. ఆయన ఆరు గుంతలు నడిచేసరికి నేను పన్నెండు నడిచాను.

ఏడో గుంతకు గుట్ట ఎక్కాలి. అక్కడ ఎట్లా కుదిరిందో, నా బంతి చదునైన చోట నిలిచింది. జెండా ఎదురుగా కనిపిస్తోంది. ఆయనది నాకంటే కింద, జెండాకు ఇంకా దూరంగా ఉంది కాబట్టి ముందు కొట్టాల్సింది ఆయన. నేను నా బంతి పక్కన నిలబడ్డాను. గాలి వెనక నుంచి ఉంది. చిన్న కర్ర తీసుకోనా, పొడుగుదా? బంతి పక్కన ఒక గడ్డిపరక. అది అడ్డమా, కాదా? వంగి చూస్తున్నాను.

కింద కర్ర చప్పుడైంది. ఆ వెంటనే బండకు టక్కున తగిలిన చప్పుడు.

"కన్యకా, ఎటు పోయింది?"

తలెత్తాను.

"చూడలే."

"చూడలేదా? మరేం చూస్తున్నవ్?"

"నాది చూసుకుంటున్న."

ఆయనకు కోపం రాలేదు. కుళాయి తిప్పితే నీళ్ళు రానప్పుడు ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. ఈ ఆటలో వెతకడానికి మూడు నిమిషాలే. ఆ తర్వాత బంతి పోయినట్టే. మహాంతేశ్ గారు గడియారం చూసుకుంటూ ఆయనతో పాటు బండల్లోకి దిగారు. నా కాళ్ళు వాటంతట అవే అటు రెండడుగులు వేశాయి. ఆగాను. ఆ రెండడుగులు వెనక్కి వెయ్యడానికి పట్టిన కష్టం చెబితే ఎవరూ నమ్మరు.

కింద ఇంకో జట్టు వచ్చి నిలబడింది. "అమ్మా, నువ్వు కొట్టేయి, ఎనకోళ్ళు ఆగిండ్రు" అన్నారు మహాంతేశ్ గారు బండల్లోంచి.

"ముందు ఇటొచ్చి చూడు కన్యకా" అన్నాడు మా ఆయన. "నీకైతే దొరుకుతది."

నిజమే, నాకైతే దొరుకుతుంది. చూడకపోయినా ఆ చప్పుడును బట్టి చెప్పగలను, ఎడమ పక్క పెద్ద బండ దాటి ఉంటుంది.

"కొట్టినంక" అన్నాను.

కొట్టాను. బంతి జెండా వైపు పోయింది. నేనూ అటే పోయాను.