రెండో శనివారం గంట

నేను ఒక బల్లగంటను. హోటళ్ళ కౌంటర్ల మీద ఉంటుందే, నెత్తిన నొక్కితే టింగుమనేది, అదే. ఉత్తరాదిలో ఎక్కడో ఒక రేకుల షెడ్డులో పుట్టి, సికింద్రాబాదు స్టేషను ఎదుట ఒక లాడ్జిలో పద్దెనిమిదేళ్ళు కొలువు చేశాను. రైలు దిగినవాళ్ళ విసుగంతా నా నెత్తిమీదే తీర్చుకునేవారు. లాడ్జి మూతపడ్డాక ఎర్రగడ్డ సంతలో పాత సామాన్ల మధ్య పడి ఉంటే దక్షిణామూర్తి గారు కొన్నారు.

ఆయన ముప్పయ్యేళ్ళు నీటిపంపులకు మాన్యువళ్ళు రాసిన మనిషి. టెక్నికల్ రైటర్ అంటే పెళ్ళిళ్ళలో చుట్టాలు "అంటే టైపింగా?" అని అడుగుతారట. అలా అడిగించుకున్నవాళ్ళందరినీ కూడగట్టి, నెలనెలా రెండో శనివారం పొద్దున ఒక గ్రంథాలయం మేడమీద సమావేశం పెట్టేవారు. నాకూ అక్కడ ఓ పని అప్పగించారు. ఎవరో ఒకరు తాము రాసిన మాన్యువల్‌నీ, దాని తాలూకు మిషన్నీ తెస్తారు. ఆ మిషను మొహం ఎరగని మనిషి మాన్యువల్‌లో ఉన్నది చదువుతూ, ఉన్నట్టే చేస్తాడు. ఎక్కడైనా అర్థం కాకపోతే నన్ను నొక్కాలి. రాసినవాళ్ళు మాత్రం నోరు మెదపకూడదు, నన్ను ముట్టుకోకూడదు. "కొన్నవాడింట్లో నువ్వు పక్కన కూర్చోవుగా అమ్మా" అనేవారాయన. కొమ్ములు తిరిగిన రాతగాళ్ళు నా ఎదుట చెమటలు కక్కడం చూశాను. నేను మోగకపోతే చప్పట్లు, అందరికీ మిరపకాయ బజ్జీలు.

తరవాత కాలం మారింది. అచ్చు పుస్తకాలు పోయి ఫోనులో చదువుకునేవి వచ్చాయి, ఆపైన వీడియోలు, ఇప్పుడు అడిగిందే తడవుగా రాసిపెట్టే ఏఐ. నలభై కుర్చీలు పదమూడుకు దిగాయి. కామా ఎక్కడ పెట్టాలని గంటసేపు కొట్టుకున్నవాళ్ళు "మీ ఆఫీసులో ఎంతమందిని తీసేశారు?" అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు.

మొన్న ఆషాఢంలో వైజయంతి వచ్చింది. ఇళ్ళలో వాడే ఆక్సిజన్ మిషన్లు చేసే కంపెనీలో పన్నెండేళ్ళుగా రాస్తోంది. కొత్త మిషనుకు మాన్యువల్‌ని కంపెనీవాళ్ళు ఏఐ చేత రాయించారు. అంతా సరిగ్గా ఉందని సోమవారంలోగా ఈమె సంతకం పెట్టాలి. పేచీ పెట్టినవాళ్ళ పేర్లు ఇంటికి పంపే జాబితాలోకి వెళతాయని మేనేజరు నవ్వుతూనే చెప్పాడట. ఆ పూట నేను మోగకూడదని ఆమె కోరుకున్నంతగా ఆ గదిలో ఎవరూ కోరుకోలేదు. పాపం, బల్లకింద చేతులు నలుపుకుంటూ కూర్చుంది.

చదవడానికి గ్రంథాలయం ఊడ్చే బాలామణిని పిలిచారు. ఆమె వేలు పెట్టి వరుస వరుసా చదివింది. మిషను పక్కనున్న సీసాలో గీత దాకా నీళ్ళు పోసింది, మూత బిగించింది, గొట్టం తగిలించింది, స్విచ్చి వేసింది. మిషను గుయ్యిమంది. బాలామణి నావైపు కన్నెత్తి చూడలేదు.

"గింతేనా? మంచిగ రాసిండ్రు మేడం, నాక్కూడ సమజైంది!"

చప్పట్లు మోగాయి. దక్షిణామూర్తి గారు బజ్జీలకు కబురు పెట్టారు. నేనూ ఉబ్బిపోయాను. మోగకపోవడం కూడా నా ఘనతే అనుకునేదాన్ని మరి.

వైజయంతి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ సీసాకేసే చూస్తోంది. ఉన్నట్టుండి లేచి, "రాసినవాళ్ళ తరఫు మనిషి ముట్టుకోకూడదు" అని వెనకనుంచి ఎవరో అంటున్నా వినకుండా, నన్ను గట్టిగా నొక్కింది.

"సీసాలో బుడగలు రావట్లేదండీ." ఆమె సీసా మూతను వేలితో చూపించింది. "మూత వంకరగా కూర్చుంది. గాలంతా అక్కడే పోతోంది. మిషను తిరుగుతూనే ఉంటుంది, మనిషికి మాత్రం ఆక్సిజన్ అందదు. బుడగలు చూసుకోమని పాత మాన్యువల్‌లో నేనే రాశాను. ఇందులో ఆ మాటే లేదు."

బాలామణి ముఖం చిన్నబోయింది. "నేను గలత్ చేసిన్నా?"

"లేదక్కా. అందులో ఎలా ఉందో అలాగే చేశావు."

దక్షిణామూర్తి గారు కుర్చీలో కూలబడ్డారు. "ఇన్నేళ్ళూ గంట మోగలేదంటే రాత బాగున్నట్టే అనుకున్నాం కదయ్యా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. రాత గతుకులుగా ఉంటే మనిషి ఆగుతాడు, నన్ను నొక్కుతాడు. నున్నగా ఉంటే అనుమానమే రాదు, నేరుగా తప్పులోకి నడిచిపోతాడు. ఇన్నేళ్ళలో నేను మోగక గట్టెక్కిన మాన్యువళ్ళు ఎన్నో. వాటిలో ఇలాంటివి ఎన్నున్నాయో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

సోమవారం వైజయంతి సంతకం పెట్టలేదు. మాన్యువల్‌ని వెనక్కి పంపింది. కంపెనీ బుడగల మాట మాన్యువల్‌లో చేర్చింది, ఆమె పేరు జాబితాలో చేర్చింది.

తరవాతి నెల సమావేశానికి ఆమె కొత్త మాన్యువల్ తెచ్చి, బాలామణిని వెతికి మరీ చేతికిచ్చింది. బాలామణి వేలు పెట్టి పైకి చదివింది. "సీసాలో బుడగలు వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే మూత తీసి మళ్ళీ బిగించండి." తరవాత ముందు అట్ట, వెనక అట్ట తిప్పి తిప్పి చూసింది.

"గిండ్ల మీ పేరేది మేడం?"

"మాన్యువళ్ళ మీద పేర్లు వెయ్యరక్కా" అంది వైజయంతి.