వాసన తెలియని పదకొండు రోజులు

నేను ఒక చెంచాను. పాయసానికి వాడే చెంచాను కాను, కాఫీ రుచి చూసే గుండ్రటి, లోతైన చెంచాను. ఎక్కడో ఉత్తరాది కార్ఖానాలో పుట్టి, అరకు కొండల మీద ఒక పెద్దాయన చేతిలో ఇరవై ఏళ్లు పనిచేశాను. ఆయన పని మానుకునేటప్పుడు నన్ను తన దగ్గర పని నేర్చుకున్న వంతల రూపావతికి ఇచ్చాడు. ఆమె నన్ను విశాఖపట్నం తీసుకొచ్చి, ఒక కాఫీ గింజల దుకాణంలో చేరింది.

వచ్చినవాళ్ల ముందు మూడు కప్పులు పెట్టి, దేని రుచి ఏమిటో చెప్పడం ఆమె పని. "ఇందులో నారింజ తొక్క వాసనండి, ఇందులో వేయించిన వేరుశనగ" అనేది. తెలిసినా తెలియకపోయినా అందరూ తలూపేవారు. మనుషులకు అదొక మర్యాద.

ఒకసారి రూపావతికి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఆమె నాతో కాఫీ జుర్రినప్పుడు కళ్లు మూసుకోవడం మానేసింది. సంచుల మీది పేర్లు చూసి, పాత మాటలే వల్లించేది. సంగతి నాకొక్కదానికే తెలుసు.

పదకొండో రోజున యజమాని జానకిరామయ్య, భానుమతి అనే హోటలావిడను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ ఏడాదికి సరిపడా కాఫీ ఎంచుకోవాలి.

"పేర్లు దాచేయండి. ఏది ఏదో ఈ అమ్మాయినే చెప్పనివ్వండి" అంది భానుమతి.

రూపావతి నన్ను మొదటి కప్పులో ముంచింది. జుర్రింది. వేడి, చేదు, అంతే. ఆమె వేళ్ల చెమట నా కాడను తడిపేసింది.

"చెప్పమ్మా" అన్నాడు యజమాని.

ఆమె నన్ను బల్ల మీద పెట్టేసింది. "నాకు వాసన తెలీట్లేదండి. జ్వరం వచ్చిన కాడ్నించి."

"మరిన్నాళ్లూ చెప్పావు కదా?"

"గుర్తున్నయి చెప్పానండి."

జానకిరామయ్య ముఖం నల్లబడింది. రూపావతి నన్ను వేడినీళ్లలో కడిగి భానుమతి చేతికిచ్చింది. "మీరే చూడండమ్మా. నాలుక పక్కల జివ్వుమంటుందా? మింగేక ఏటి మిగిలింది?"

భానుమతి మొదటిది చూసింది, రెండోది చూసింది. మళ్లీ మొదటిది. చాలాసేపు ఆలోచించింది.

"ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగినట్టుంది" అంది నెమ్మదిగా.

ఆ దుకాణంలో కొనేవాళ్ల నోట సొంత రుచి మాట వినడం నాకదే మొదలు. ఆవిడ ఆ కాఫీనే ఎంచుకుంది. జానకిరామయ్య మాత్రం రూపావతిని రెండు నెలలు సంచులు కుట్టే పనిలో వేశాడు. అబద్ధానికి శిక్ష పడాలి కదా అన్నాడు. ఆమె కాదనలేదు.

వాసన సగమే తిరిగొచ్చింది. ఆమె మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. నా మీది పూత అరిగిపోయింది. ఇప్పుడామె ముందుగా ఏమీ చెప్పదు. నన్ను ఎదుటివాళ్ల చేతికిచ్చి, వాళ్లు మాటకోసం వెతుక్కుంటున్నంతసేపూ ఓపిగ్గా నిలబడుతుంది.