చల్లని పూత

నేను ఒక రాగి గుండిగను. పెళ్ళిళ్ళలో అన్నం వండే గుండిగను కాను. నా నోరు పక్కకి వాలి ఉంటుంది. వీపుకి ఇరుసు, ఇరుసుకి మోటారు. స్విచ్చి వేస్తే తిరుగుతాను. నా కడుపులో గింజలు దొర్లుతుంటే వాటి మీద గరిటెతో పాకం చల్లుతారు. వేడిగాలి ఊదుతారు. ఆరాక మళ్ళీ చల్లుతారు. పొర మీద పొర ఎక్కుతుంది. లోపల ఉన్నదేమిటో పైకి తెలియకుండా పోయేదాకా ఎక్కుతుంది. మనుషులకి ఆ పని చాలా ఇష్టం. అందుకే నాకు ఏనాడూ పని తక్కువ కాలేదు.

నన్ను చేసిన కంచరి పనిలో దిట్ట, నోరు మాత్రం మురికి. సుత్తిదెబ్బ వేసినప్పుడల్లా ఒక తిట్టు. కొన్ని తమ్ముడికి, కొన్ని పెళ్ళానికి, మిగిలినవి ఎండకి. నా లోపలి నునుపంతా అలా వచ్చిందే. అద్దంలా ఉందని చూసినవాళ్ళు మెచ్చుకున్నారు.

మొదట హైదరాబాదు పక్కన ఒక మందుల ఫ్యాక్టరీకి వెళ్ళాను. అక్కడ నాలో జ్వరం మాత్రలు దొర్లేవి. భరించలేని చేదు. దాని మీద పంచదార పాకం, పైన గులాబీ రంగు. చేదు నాలిక్కి తగలకుండా గొంతు దాటాలి, అదే నా ఉద్యోగం. ప్రాణం నిలిపే మందును కూడా బొమ్మలా ముస్తాబు చేస్తే తప్ప మనిషి మింగడు. ఆ మనిషే పక్కవాడి మీద చేదు మాటలు మాత్రం ఏ పూతా లేకుండా కక్కుతాడు.

తరవాత పంచదార పూత పోయి పల్చటి పొరలాంటి పూత వచ్చింది. అది ఆరితే పెళుసెక్కి పగిలేది. పగలకుండా అందులో సార్బిటాల్ అనేది కాస్త కలిపేవారు. మొక్కజొన్న పిండి నుంచి తీస్తారు దాన్ని. తియ్యగా, జిగటగా, రంగు లేకుండా ఉంటుంది. తడిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి పూత మెత్తగా వంగుతుంది. ట్యూబులో టూత్‌పేస్టు ఎండిపోకుండా ఉండేదీ, చేపనూనె మాత్రల తొడుగు గట్టిపడకుండా ఉండేదీ దానివల్లేనని అక్కడి కెమిస్టు కొత్తవాళ్ళకి చెబుతుండేవాడు. అది చక్కెర జాతి ఆల్కహాలు అని కూడా చెప్పాడు. ఆ ఒక్క మాటే చెవినపడి, డ్రమ్ములు దించే కూలీ ఒకడు గ్లాసు నిండా పోసుకుని తాగేశాడు. మత్తు రాలేదు. సాయంత్రం దాకా దొడ్డి తలుపు తెరుచుకోలేదు. బయట నిలబడి నవ్వినవాళ్ళలో ఇద్దరు మర్నాడు తామూ తాగి చూశారు. మనుషుల తెలివి మీద నా అభిప్రాయం అప్పుడే స్థిరపడింది.

స్టీలు యంత్రాలు వచ్చాక నన్ను మూలకి నెట్టారు. అక్కడినుంచి పాలకొల్లు చేరాను. పాండురంగం అనే షావుకారు నన్ను కొన్నాడు. ఆయనది సోంపు మిఠాయి వ్యాపారం. భోజనం అయ్యాక హోటళ్ళలో చిన్న గిన్నెతో ముందు పెడతారే, రంగురంగుల సోంపు, అది. నుదుట పెద్ద బొట్టు, మాట చివర 'నాయనా'. ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు. తిట్టే కంచరిని చూసి అసహ్యపడినందుకు తరవాత నాకే సిగ్గేసింది.

నన్ను నడిపేవాడు ఆదివిష్ణు. నవ్వడం తెలియని మనిషి. ముంజేతుల నిండా పాకం కాలిన మచ్చలు. మధ్యాహ్నం అతని పెళ్ళాం నూకరత్నం క్యారేజీ తెచ్చేది. అతను తింటున్నంతసేపూ నా పక్కన గోనెసంచి మీద కూచుని వీధిలో సంగతులన్నీ చెప్పేది. ఎవరి కోడలు ఎవరితో ఏమందో, ఎవరింట్లో ఏ కూర మాడిందో, ఏదీ వదిలేది కాదు. ఆమెకి సుగరు జబ్బు. అరికాలిలో ఒక పుండు, మానీ మానకుండా ఉండేది. తీపి అంటే ప్రాణం. పాకం గరిటె వైపు ఆమె చూసే చూపు నేనెరుగుదును. చంటిపిల్ల కూడా అంత ఆశగా చూడదు.

ఊళ్ళో సుగరు రోగులు పెరిగారని పాండురంగం కనిపెట్టాడు. సార్బిటాల్ డ్రమ్ములు దించాడు. చక్కెర లేని సోంపు మొదలైంది. నాకది పాత స్నేహమే. పంచదారలా చప్పున ఆరదు, ఓపిగ్గా పల్చపల్చగా వెయ్యాలి. ఆదివిష్ణు ఓపిగ్గానే వేశాడు. మొదటి వాయి దిగినప్పుడు గుప్పెడు తీసి నూకరత్నం చేతిలో పోశాడు.

"నోట్లో వేసుకో. చల్లగా తగిలిందా?"

"అమ్మో, పిప్పరమెంటులాగుందేటయ్యా."

"ఆ చల్లదనవే గుర్తు. పంచదారైతే అలా తగల్దు. చల్లగా ఉంటే ఎంతైనా తిను, నీ జబ్బుకేం కాదు. చల్లగా లేపోతే ఊసెయ్."

ఎంతైనా అన్నది తప్పు. ఆ డ్రమ్ముల కూలీని అడిగితే చెప్పేవాడు. కాని మిగతాది నిజమే. ఆ తీపి పంచదారలా ఒంట్లో మంట పెట్టదు, నాలిక మీద కరిగేటప్పుడు చల్లగా తగులుతుంది. నూకరత్నం ఆ పాఠం ఒక్కసారికే నేర్చుకుంది. రోజూ చిన్న పొట్లం పట్టుకెళ్ళేది. అరికాలి పుండు ఎండుముఖం పట్టింది. నా మొగుడు నాకు బంగారం పెట్టలేదు గాని చల్లదనం పెట్టాడని ప్యాకెట్లు కట్టే సత్యవేణితో చెప్పుకుని నవ్వేది. ఆదివిష్ణు వినీ విననట్టు గరిటె కడుక్కునేవాడు. ఆ కొద్దికాలం అతని మీద నాకు మంచి అభిప్రాయమే ఉండేది.

వానలు పట్టాయి. ఆ ప్రాంతంలో వానాకాలం గాలి పిండితే నీళ్ళు కారతాయి. తడిని పట్టుకోవడం సార్బిటాల్ స్వభావం. ఫ్యాక్టరీలో దానికి విలువ తెచ్చిన గుణమే ఇక్కడ తంటా తెచ్చింది. పొర ఆరదు. గింజలు ఒకదానికొకటి అతుక్కుని నా కడుపులో ఉండలు కట్టాయి. వాయి వెనక వాయి పారబోశారు. గాలిని ఆరబెట్టే యంత్రం పెట్టిస్తే సరిపోతుంది. పాండురంగం పెట్టించలేదు. మందుల షాపులవాళ్ళు సరుకు కోసం ఫోన్లు చేస్తున్నారు. ఆయన నా నోటి దగ్గరికి వచ్చి నిలబడి, సత్యవేణి బయటికి వెళ్ళేదాకా ఆగి, లోపల పొరలన్నీ పంచదార పాకంతో వెయ్యమన్నాడు.

"సుగరోళ్ళు తింటారండి," అన్నాడు ఆదివిష్ణు.

"తింటే ఏవవుద్ది నాయనా? సోంపు గింజంత. వాళ్ళు అన్నం తినట్లేదా? చివరి పొర మాత్రం డ్రమ్ములోదే వెయ్యి. నాలిక్కి చల్లగా తగలాలి. జనానికి అదే కదా కావాలి. ఈ సంగతి నీకూ నాకూ గుండిగకీ తెలిస్తే చాలు."

ఆదివిష్ణు పంచదార బస్తా విప్పాడు. అడ్డు చెప్పడానికి అతనికున్న శక్తి ఆ ఒక్క వాక్యంతో అయిపోయింది. పంచదార చక్కగా ఆరింది. పైన వెంట్రుకంత మందాన చల్లని పొర. ఎవరూ పట్టుకోలేదు. అంతకుముందుకన్నా బాగుందని షాపులవాళ్ళు కబురు చేశారు. వానలు వెలిశాక కూడా పద్ధతి మారలేదు.

ఆ రోజునుంచే ఆదివిష్ణు పెళ్ళానికి పొట్లం ఇవ్వడం మానేశాడు. ఎందుకని ఆమె అడిగింది. షావుకారు వద్దన్నాడన్నాడు, అంతే. నిజం చెబితే ఆమె నోట్లో నిలవదు, పొద్దుగూకే వేళకి వీధంతా తెలుస్తుంది, తన పని పోతుంది. అదీ అతని భయం. నోరు జారే మనిషికి నిజం చెప్పకూడదుగాని అబద్ధం చెప్పవచ్చు అనుకున్నాడు. తన ఇల్లు ఒక్కటీ తప్పించుకుని, తక్కిన ఊరి కోసం ప్రతిరోజూ నా ముందు నిలబడి గరిటె తిప్పాడు. అతను చల్లే పాకం ఎవరి పెళ్ళాం నోట్లోకి వెళుతుందో నేను ఆలోచించేవాణ్ణి. అతను ఆలోచించినట్టు కనపడలేదు.

సత్యవేణిది జాలిగుండె. ఆమెకి ఏమీ తెలియదు. మూతి సరిగ్గా అంటుకోక చెడిపోయిన సోంపు ప్యాకెట్లు ఆమె దగ్గర మిగిలేవి. ఆదివిష్ణు చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్ళినప్పుడు వాటిని ఖాళీ క్యారేజీలో పడేసేది. బావగారికి చెప్పకక్కా, ఆయన షావుకారి మనిషిలా మాట్లాడతారు అనేది. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకునేవారు. నూకరత్నం ఒక గింజ తీసి నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. చల్లదనం కోసం చూసేది. తగలగానే తలాడించేది. మొగుడు చెప్పిన పరీక్ష ఒక్కరోజు కూడా మానలేదు. ఆ చల్లదనం కరిగే లోపే కింద పంచదార మొదలవుతుందని నాకు తెలుసు. పక్కనే ఉన్నాను. నా నోరు అంతటిదీ తెరిచే ఉంది.

సుగరు పెరిగింది. డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. తగ్గించింది. ఇంకా పెరిగింది. ఇంకా తగ్గించింది. ఆకలికి తట్టుకోలేక సోంపు నమిలేది. మానిన పుండు తెరుచుకుంది. బొటనవేలు రంగు మారింది. నడక మారింది. ఒకనాడు క్యారేజీ దింపుతుంటే ఆదివిష్ణు నా ముందే అడిగాడు.

"ఎవరింటో దొంగతిండి తింటన్నావే? లేపోతే ఎందుకు తగ్గదు?"

"అమ్మతోడయ్యా. మెతుకు కూడా చూసుకుని తింటన్నాను. తీపన్నది ముట్టలేదు."

ఆమె అబద్ధమాడలేదు. అతను నేర్పిన లెక్కలో చల్లగా ఉన్నది తీపి కాదు. అతను నమ్మలేదు. నీ ప్రాణం మీదికి నువ్వే తెచ్చుకుంటున్నావన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, ఖాళీ గిన్నెలు సర్దుకుని, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఆమెని చూడటం అదే ఆఖరు.

మిగతాది షెడ్డులో మాటల వల్ల తెలిసింది. పెద్దాసుపత్రిలో ముందు పాదం తీశారు. తరవాత మోకాలి దాకా తీశారు. తరవాత తియ్యడానికి ఏమీ మిగల్లేదు.

పెద్దకర్మకి షావుకారుని పిలవడానికి ఆదివిష్ణు వచ్చాడు. గడ్డం మాసి ఉంది. అతను రాని ఆ రోజుల్లో షావుకారే గరిటె పట్టి నన్ను నడిపాడు. పాండురంగం కండువా సర్దుకుని, ముఖం జాలిగా పెట్టి, ఏం చేస్తాం నాయనా, ఆయుష్షు అంతే అన్నాడు. అప్పుడు సత్యవేణి చేతిలో కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చనిపోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ ఆ రోజు ఆకులో వడ్డించి కాకికి పెడతారు. నాలోంచి గుప్పెడు సోంపు తీసి పొట్లం కట్టింది.

"బావగారూ, అక్క ఆకులో ఇదీ పెట్టండి. ఇందాకే దిగింది. ఆసుపత్రిక్కూడా పట్టుకెళ్ళాను. చల్లగా ఉందే సత్యవేణీ, అంటా తింది."

పొట్లం అందుకోబోయిన ఆదివిష్ణు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మీరు ఇవ్వడం మానేసిన కాడ్నుంచీ నేనే ఇస్తన్నాను. మీకు తెలిస్తే తిడతారని అక్కే చెప్పొద్దంది. చక్కెర లేందే కదా బావగారూ?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్ళం అక్కడ ముగ్గురం ఉన్నాం. పాండురంగం గాలి ఊదే మోటారు మీద చెయ్యి వేశాడు.

"ఇది వేడెక్కినట్టుంది. చూడు నాయనా," అన్నాడు.

పంచదార గడ్డలు పగలగొట్టే సుత్తి నా కాళ్ళ దగ్గర ఉంటుంది. ఆదివిష్ణు దాన్ని తీశాడు. పైకెత్తాడు. నన్ను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నా పక్క సొట్టపోయి లోపలికి వంగేదాకా కొట్టాడు. కంచరి తరవాత నన్ను సుత్తితో కొట్టింది ఇతనొక్కడే. కంచరి దెబ్బకొక తిట్టు తిట్టేవాడు. ఇతని నోట్లోంచి ఒక్క మాట రాలేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో పాండురంగం నిలబడి ఉన్నాడు. ఆయన బొట్టు కూడా చెదరలేదు.

సత్యవేణి ఏడుస్తూ అతన్ని పట్టుకుంది. పాపం, పెళ్ళాం పోయిన బాధ అంది. అవును నాయనా, బాధ అన్నాడు పాండురంగం.

పొట్లం ఆకులో పెట్టారట. ఎందుకు పెట్టకూడదో పదిమందిలో అతను ఏమని చెబుతాడు? కాకి వచ్చి ముందు సోంపే ముట్టిందట. నూకరత్నం ఆత్మ తృప్తిపడిందని చుట్టాలంతా సంతోషించారట. మర్నాడు ప్యాకెట్లు కడుతూ సత్యవేణి పక్కావిడకి చెప్పింది, కళ్ళొత్తుకుంటూ.

సొట్ట దగ్గర గింజలు ఆగిపోతున్నాయి, సరిగ్గా దొర్లడం లేదు. షావుకారు స్టీలు గుండిగ తెప్పించాడు. నన్ను గోడకి ఆనించారు. కొన్నాళ్ళకి ఆదివిష్ణు పనిలోకి వచ్చాడు. ఎందుకొచ్చావని షావుకారు అడగలేదు, ఎందుకు కొట్టావనీ అడగలేదు. ఒకరి నోరు ఇంకొకరి గుప్పెట్లో ఉంది. కొత్త గుండిగ ముందు నిలబడి అతను బస్తా విప్పాడు. లోపల పొరలన్నీ పంచదార. చివరి పొర చల్లనిది. ఇంక ఇంట్లో కాపాడుకోవాల్సిన మనిషి కూడా లేదు కదా, పని సులువైంది. పాత ఇనుము బండివాడు వచ్చినప్పుడు నన్ను ఎత్తడానికి ఒక చెయ్యి వేసింది అతనే. సొట్ట తనకి కనపడకుండా అవతలివైపు వచ్చేలా తిప్పి ఎత్తాడు.

ఇప్పుడు పాత సామాన్ల కొట్టు వెనక పడి ఉన్నాను. ఒకపక్క తుప్పుపట్టిన సైకిలు రిమ్ములు, ఇంకోపక్క ఎవరిదో మంచం కోళ్ళు. నన్ను కరిగిస్తారట. మంచిదే. ఇంకొకసారి మాత్రం నోరున్న వస్తువుగా చెయ్యకుండా ఉంటే చాలు.

సొట్టపడిన చోట నా లోపలి గోడకి గట్టిపడిన పూత ఇంకా అంటుకుని ఉంది. దెబ్బలకి అది పగిలింది. నిన్న చీమలు కనిపెట్టాయి. వరసకట్టి వచ్చి, పై పొర కింద తవ్వి, పంచదార పలుకులు నోట కరుచుకుని పోతున్నాయి. దారి తప్పడం లేదు. వాటికి చల్లదనం గురించి ఎవరూ చెప్పలేదు.