వాగు బీడు గేటు

పదిగంటల టీలోకి స్కోన్లనే చిన్న రొట్టెలకి పిండి కలుపుతూ జనీన్ వంటింటి గోడమీది పటం కేసి చూసింది. పన్నెండు మేతబీళ్లు. ఏ బీడులో మంద ఎన్నాళ్లు మేసింది, దేనికి ఎన్నాళ్లు విశ్రాంతి, అన్నీ ఆమె చేతిరాతే. వాగు బీడుకి ఇంకా ఇరవై రోజుల విశ్రాంతి మిగిలుంది.

రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లి గడ్డిలోకి చెయ్యి దించి చూస్తుంది. నిరుడు మోకాలి కిందే ఆగిపోయిన గడ్డి ఈసారి నడుము దాటింది. గాలికి వాలి మళ్లీ లేస్తుంటే నీళ్లు లేనిచోట నీళ్లు కదులుతున్నట్టుంటుంది. నిద్రలోనూ ఆ కదలిక ఆమె కళ్ల వెనక సాగుతూనే ఉంటుంది. గింజ రాలేదాకా దాన్ని ఏ గిట్టా తొక్కకూడదు.

శనివారం చుట్టుపక్కల పశువులవాళ్లు ఈ పద్ధతి చూడ్డానికి వస్తున్నారు. చెప్పేది భర్త రస్. పోయినసారీ అతనే చెప్పాడు, వానని బట్టి బీడుని ఎన్నాళ్లు ఆపుతాడో, మందని ఎప్పుడు తగ్గిస్తాడో. ఆమె టీ పోసింది. ఎవరో ఆమె సంగతి అడిగితే, "మా ఆవిడా? పొద్దున్నే గడ్డిని పలకరించి వస్తుంది," అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

ఇవాళ బూట్లు తొడుక్కుంటూ, మందని వాగు బీడులోకి వదిలానన్నాడు రస్. నిండుగడ్డిలో ఆవులుంటే వచ్చినవాళ్లకి చూడముచ్చటగా ఉంటుందట.

"ఇంకా ఇరవై రోజులుంది, రస్."

"గడ్డే కదోయ్, మళ్లీ మొలుస్తుంది. శనివారానికి స్కోన్లు రెండు ట్రేలు ఎక్కువ చెయ్యి. పోయినసారి చాల్లేదు."

ఆమె చేతుల పిండి కడుక్కోకుండానే బయల్దేరింది.

గేటు బార్లా తీసి ఉంది. పెళ్లయిన కొత్తలో అత్తగారు ఐవీ చెప్పిన మొదటి మాట గేట్ల గురించే: "క్వీన్స్‌లాండ్‌లో గేటు ఎలా కనిపిస్తే అలా వదిలెయ్యాలమ్మాయ్. ఎందుకని అడక్కు. మగాళ్లు ఏదో ఆలోచించే ఉంటారు." ఇరవై రెండేళ్లుగా జనీన్ ఏ గేటూ మార్చలేదు. గేట్లే కాదు, ఆ ఇంట్లో ఏదీ.

మెడదాకా గడ్డిలో మునిగిన ముసలి ఆవు తలెత్తి చూసింది. "రండే," అంది జనీన్, బీడు మార్చే ప్రతిసారీ పిలిచే గొంతుతోనే. అలవాటుగా మందంతా ఆమె వెనకే బయటికి నడిచింది. తను మాత్రం మళ్లీ లోపలికెళ్లి గేటు లాక్కుంది. ఆమె చుట్టూ గడ్డి వాలి, లేచింది.

దుమ్ము రేపుకుంటూ రస్ బండి వచ్చి ఆగింది.

"ఏంటిది? నేను తీసిపెట్టిన గేటు కదా."

"తీసి ఉండడం చూశాను," అంది, పిండి అంటిన చేతులతో గొలుసు తగిలిస్తూ. "ఎందుకు మూశానో శనివారం వాళ్లకి నేను చెబుతాను. టీ నువ్వు పొయ్యి."