పోయని ఒక్క కప్పు

వార్డులో లోర్నా పెటిఫర్ టీ బండి అప్పటికే నాలుగు మంచాలు దాటింది. పొట్టి మనిషి, బండి వెనక జుట్టుముడి తప్ప ఏమీ కనబడదు. టాస్మేనియాలోని ఆ ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పని. మొహాలు చూడదు, మంచం నంబరు చూసి పోసేస్తుంది. ఇవాళే ఆఖరి రోజని ఎవరికీ చెప్పలేదు. కేకు కోయించి ఏడిపిస్తారని భయం.

ఐదో మంచానికి ‘ఏమీ ఇవ్వరాదు’ అని బోర్డు. మంచం ఖాళీ. ఆరో మంచానికి అలవాటుగా పాలు, మూడు చెంచాల చక్కెర కలిపి అందించింది.

“చక్కెరెందుకు తల్లీ? నాకలవాటు లేదే!”

ఆరో మంచం మనిషి మూడు చెంచాలకు తగ్గితే పేచీ పెడతాడు. తలెత్తి చూస్తే, దుప్పటి ముసుగులో ఐదో మంచం ఆల్బీ స్ప్రౌల్! ఎనభై ఎనిమిదేళ్ల ఆపిల్ తోటల ఆసామి. పక్కాయన స్నానానికి వెళ్లగానే మంచం ఆక్రమించాడు. కప్పు పెదవికి ఆనేలోపు ఆమె లాగేసుకుంది. సగం ఏప్రన్ మీద ఒలికింది.

“సిగ్గులేదూ పెద్దాయనా!”

ఆల్బీ గుండెలో కవాటం బిగుసుకుపోయింది, ఒక రక్తనాళం పూడుకుపోయింది. ఛాతీ కోస్తే ఆ వయసులో బతికి బట్టకట్టడు. తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి, రెండూ ఒకే విడతలో బాగుచేస్తామన్నారు. ఇద్దరు డాక్టర్లకీ ఒకే రోజు కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు ఇవాళే, అందాకా కడుపు ఖాళీగా ఉండాలి.

“టీ కడుపులో పడిందా, మళ్లీ నాలుగు నెలలు! అందాకా ఉంటావా?”

“లోపలికెళ్లి రాకపోతేనో? నోరు పిడచకట్టుకుపోయి చావమంటావా?” అన్నాడు ఆల్బీ, కప్పు వంకే చూస్తూ. దొంగవేషాలన్నీ భయంతోనే వేశాడు పాపం. లోర్నాకి జాలేసింది. ఇన్నేళ్లలో ఎవరికీ టీ లేదనని మనిషి.

“వెళ్లి రా. వేడివేడిగా నేనే పోస్తా. ఒట్టు!”

ఒట్టేశాక గుర్తొచ్చింది, మూడున్నరకి తన బస్సు. చెల్లెలి ఊరికి, మకాం ఎత్తేసి.

మూడింటికి ఆల్బీని తీసుకొచ్చారు. కవాటం కుదిరింది, నాళం తెరుచుకుంది. గురకతో వార్డు అదిరిపోతోంది.

“ఇంకో గంట తలెత్తకూడదు, ఏమీ తాగకూడదు. ఉండిపోతావా?” అంది, ఒట్టు సంగతి విన్న నర్సు ట్రీసా.

“బస్సెళ్లిపోతుంది తల్లీ.” లోర్నా కళ్లు తుడుచుకుంది. ఆయన మంచం దగ్గర కాసేపు ఏదో సర్ది, బండిని గోడవారకి చేర్చి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయింది.

నాలుగింటికి ఆల్బీ కళ్లు తెరిచాడు. “నా టీ ఏదీ?”

పక్కబల్ల మీద వార్డు టీ కెటిల్, చల్లారకుండా లోర్నా ఆకుపచ్చ ఉన్ని స్వెటర్ తొడుక్కుని, చేతులు రెండూ పొట్టమీద ముడేసుకుని కూర్చుని ఉంది.